ముందున్నదే వినే మైకు

నాచారం,
జూన్ 2004

గౌరవనీయులైన గిరిప్రసాద్ గారికి,

నాచారం నుంచి దయాకర్ నమస్కారాలతో రాస్తున్నాను. నేను మీకు గుర్తున్నానో లేదో. ఏప్రిల్‌లో మీ తెనాలిలో జరిగిన పెళ్ళికి హైదరాబాదు నుంచి వచ్చిన బ్యాండులో సైడ్ డ్రమ్ము వాయించినవాణ్ణి. ఊరేగింపు మధ్యలో మా ఆంప్లిఫయర్ పొగలు కక్కితే, మీరు మీ మైక్ సెట్ షాపులోంచి సామాన్ల పెట్టె తెచ్చి, నడిరోడ్డు మీద చతికిలబడి బాగు చేశారు. డబ్బులిస్తే తీసుకోలేదు. మా నాన్న చంద్రయ్య గారి క్లారినెట్ విని, "ఈ పెద్దాయన వాయింపుకి నేనే ఎదురివ్వాలి" అన్నారు. ఆ మాట మా బ్యాండులో ఇప్పటికీ చెప్పుకుంటున్నాము.

ఆ రోజు పెళ్ళివారి పిల్లలు మా మాట విని నవ్వుతూ "గిట్ల, గట్ల" అని మా వెంట తిరిగారు. మీరు నవ్వలేదు. అందుకే ధైర్యం చేసి మీకు రాస్తున్నాను. బడిలో చదివిన తెలుగు వాచకం గుర్తు తెచ్చుకుని, మా మాట దొర్లకుండా రాస్తున్నాను. తప్పులుంటే మన్నించండి.

విషయం ఏమిటంటే, మా బ్యాండులో అందరికీ వేరే పనులున్నాయి. ఎక్కువమంది నాచారం ఫ్యాక్టరీల్లోనే పని చేస్తారు. ఒకరిది పగటి షిఫ్టయితే ఒకరిది రాత్రి షిఫ్టు. చిల్కానగర్‌లో మాకొక రేకుల షెడ్డు ఉంది. అక్కడ ఆదివారం రిహార్సల్ పెడితే సగం మందే వస్తారు. పాటలన్నీ నాన్న వేళ్ళలోనే ఉన్నాయి. కాగితం మీద ఏదీ లేదు. కొన్ని ఆయన సొంతంగా కట్టినవి, ఇంకెవరికీ రావు. ఈ మధ్య ఆయన పాట మధ్యలో ఆగుతున్నారు. అరవై దాటాయి. ఆయన క్లారినెట్ కింద పెట్టకముందే ఆ పాటలన్నీ క్యాసెట్లలోకి ఎక్కాలన్నదే నా ఆశ. లేకపోతే ఆయనతోపాటు బ్యాండూ పోతుంది.

మా టేప్ రికార్డరులో ఉన్న మైకుకు నా డ్రమ్ము తప్ప ఏమీ వినిపించదు. కోఠీలో షాపాయన మూడు మైకులు చూపించాడు. ఒకటి బంగారు రంగుది, స్టాండుతో సహా ఇస్తాడట. ఒకటి పెన్నులా సన్నగా ఉంది. ఒకటి నల్లగా, బరువుగా, చూడటానికి ఏమీ బాగాలేదు. మా స్థోమత మీకు తెలుసు. ఏది కొనమంటారు?

నాన్నకు ఇదంతా ఇష్టం లేదు. "గాలిని డబ్బల బెడ్తవారా? జర ఆగు, నేను గూడ అండ్లనే పడ్తనేమో సూత్త" అని నవ్వుతున్నారు.

మీ జవాబు కోసం చూస్తుంటాను.

దయాకర్


తెనాలి,
జూన్ 2004

తమ్ముడు దయాకర్‌కు,

ఈ గారూ గీరూ ముందు మానెయ్. అన్నా అని పిలు, నువ్వు అని రాయి. నీ ఉత్తరం చదివి మా ఆవిడ కనకమహాలక్ష్మి ఎవరో హెడ్మాస్టరు గారు రాశారనుకుంది. సైడ్ డ్రమ్ము వాయించేవాడంటే నమ్మలేదు.

మీ నాన్నగారిని ఎలా మర్చిపోతానయ్యా. మా బజారంతా ఇంకా ఆ కల్యాణి పాటే ఈల వేస్తోంది. మైకు అద్దెలిచ్చి బతికేవాడికి చెవులే ఆస్తి. నా చెవులు ఆయన ఆ రోజే కొనేశారు.

ఇక మైకు సంగతి. బంగారు రంగుది ముట్టుకోకు. పైన పటారం, లోన లొటారం. పెన్ను లాంటిది మంచిదే గానీ అది మరీ సున్నితం. చీమ చిటుక్కుమన్నా పట్టేస్తుంది. నలుగురు కూర్చుని హరికథ చెప్పుకుంటే సరిపోతుంది. మీ బ్యాండు ముందు పెట్టావా, మొదటి దరువుకే పాట పగిలిపోతుంది. నల్లదాని మీద నాకు గురి ఉంది. అయినా ఇప్పుడే కొనకు. ఉన్న టేప్ రికార్డరుతోనే ఒక రిహార్సల్ పట్టి ఆ క్యాసెట్ నాకు పంపు. షెడ్డు ఎలా మోగుతోందో, ఎవరెక్కడ కూర్చుంటున్నారో వింటేనే నాకు తెలుస్తుంది. రోగం చూడకుండా మందు చెప్పడం నా ఒంటికి పడదు.

మీ నాన్నగారికి నా నమస్కారాలు. డబ్బాలోకి దూరాల్సింది ఆయన కాదు, ఆయన పాటేనని చెప్పు.

గిరిప్రసాద్


నాచారం,
జూలై 2004

గిరన్నకు నమస్కారాలు.

క్యాసెట్ పంపుతున్నాను. రికార్డు చేసిన వెంటనే కవరులో పెట్టేశాను, మళ్ళీ వినలేదు. వింటే సిగ్గుపడి పంపడం మానేస్తానని భయం.

ఆ రోజు వాన. రేకుల మీద చినుకుల చప్పుడు కూడా పడి ఉంటుంది. ట్రంపెట్ వాయించే చిదంబరం సీసాల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు దిగి, నిద్ర లేకుండా నేరుగా వచ్చాడు. రెండో పాటలో ట్రంపెట్ వెనకబడితే అందుకే. మా పాప మానస కూడా వచ్చింది. దానికి నాలుగో ఏడు. పెద్ద డ్రమ్ము పక్కన కూర్చుని తాత వాయిస్తుంటే నోరు తెరిచి చూస్తుంది. దానికి నాకన్నా తాత దగ్గరే చనువు.

అమ్మ పోయినప్పటి నుంచి నాన్న ఆ షెడ్డులోనే పడుకుంటున్నారు. వాయిద్యాలకు కాపలా అంటారు. నాచారం వచ్చి మాతో ఉండమంటే వినరు. బ్యాండు కోటు ఆయనకు వదులైపోయింది. మొన్న భుజాల దగ్గర కుట్లు వేయించాను. "గీ వయసుల సన్నగైతున్న సూడు, పెండ్లికొడుకు లెక్క" అని మురిశారు.

నీ చెవికి ఏది తప్పనిపిస్తే అది దాచకుండా రాయి అన్నా.

దయాకర్


తెనాలి,
ఆగస్టు 2004

తమ్ముడు దయాకర్‌కు,

క్యాసెట్ విన్నాను. షాపు తలుపు వేసుకుని మరీ విన్నాను. బేరాలు పోతే పోయాయి.

నీ డ్రమ్ము మోగినప్పుడల్లా క్లారినెట్ నీళ్ళలో మునిగినట్టు పోతోంది. తప్పు నీది కాదు. ఆ టేప్ రికార్డరుకి ఒక అతితెలివి ఉంటుంది. పెద్ద చప్పుడు వస్తే తనంతట తనే తగ్గించేస్తుంది. చప్పుడు ఆగగానే చెవులు రిక్కించి గుసగుసల్ని కూడా పెద్దవి చేసేస్తుంది. అందుకే మీ పాట ఆగగానే బయటి ఆటో హారను, ఎవరో దగ్గడం, చిదంబరం ఆవలింత, అన్నీ పాటంత గట్టిగా వినిపిస్తున్నాయి.

ఇంకో సంగతి. పాట అయిన ప్రతిసారీ మీ నాన్నగారు నోట్లోంచి క్లారినెట్ తీసి, చిన్న గొంతుతో "ధూపం, ధూపం" అంటున్నారు. వాద్యాలకు ధూపం వేసే ఆనవాయితీ మీ దగ్గరా ఉందన్నమాట. మా తాత కూడా మైకుకి హారతిచ్చి గానీ స్విచ్చి వేసేవాడు కాదు. పాపం పెద్దాయన అన్నిసార్లు అడుగుతుంటే మీలో ఒక్కడూ కదలడేం? డ్రమ్ములు కొట్టీ కొట్టీ చెవులు పోయాయా? ఈసారి మొదలుపెట్టే ముందే ఇంత సాంబ్రాణి వేసెయ్. ఆయన మనసు కుదుటపడుతుంది, నీ క్యాసెట్టూ శుభ్రంగా ఉంటుంది.

నల్ల మైకే కొను. మూడు వందల్లోపే వస్తుంది. దాని గుణం ఏమిటంటే, ముందున్నదే వింటుంది. పక్కన ఎవరు గొణిగినా, వెనక కొండ విరిగి పడినా దానికి పట్టదు. దూలానికి తాడు కట్టి వేలాడదియ్. డ్రమ్ములు దాని వీపు వైపు ఉండాలి. క్లారినెట్ శబ్దం వేళ్ళ కింద రంధ్రాల్లోంచి వస్తుంది కాబట్టి మైకు మొహం ఆయన వేళ్ళకి పెట్టు, నోటికి పెట్టకు. పాట చివరి స్వరం ఆగీ ఆగగానే బొత్తాం నొక్కెయ్. గొణుగుళ్ళు పడవు.

ఒకటి అడగనా? పై స్థాయిలో ఆయన క్లారినెట్ కీచుమంటోంది. ఏప్రిల్‌లో అలా లేదు. స్వరం ఎండిపోయినట్టు వస్తోంది. నోట్లో పెట్టుకునే చోట ఉండే ఆ రీడు ముక్క పాతబడి ఉంటుంది. కొత్తది కొని, బాగా తడిపి పెట్టుకోమను.

గిరిప్రసాద్


నాచారం,
సెప్టెంబరు 2004

గిరన్నకు నమస్కారాలు.

నల్ల మైకు కొన్నాము. నువ్వు చెప్పినట్టే కట్టాము. దూలానికి వేలాడుతుంటే మానస దాన్ని గబ్బిలం అంటోంది.

ధూపం సంగతి చదివి సిగ్గుపడ్డాను. పక్కనే కూర్చుని వాయిస్తాను కదా, నాకు ఒక్కసారి కూడా వినపడలేదు. పాట ఆగాక కూడా నా చెవుల్లో డ్రమ్ము చాలాసేపు మోగుతూనే ఉంటుంది. ఆదివారం రిహార్సల్‌కు ముందే నిప్పుల మీద సాంబ్రాణి వేశాను. షెడ్డంతా పొగ కమ్మింది. నాన్న దగ్గీ దగ్గీ, "ఇదేందిరా, మౌలాలి దర్గల కూసుండబెట్టినట్టు జేసినవు?" అన్నారు.

"నువ్వే అడుగుతున్నవంట గద బాపు. క్యాసెట్ల వినొచ్చిందని తెనాలి అన్న రాసిండు" అన్నాను.

"నేనా? నేనెప్పుడడిగిన?" అని కొంచెంసేపు మైకు వైపు చూశారు. తర్వాత నవ్వి, "మంచిదే తియ్, మొదలువెట్టున్రి" అన్నారు. వయసు కదా, అన్నది గుర్తుండటం లేదేమో. అప్పటి నుంచి ప్రతి ఆదివారం ధూపం వేస్తూనే ఉన్నాను.

కొత్త రీడు కూడా తెచ్చాను. నువ్వు తడపమన్నావని చెబితే, "రీడు తడుపుతందుకు నోట్ల తడి ఉండాలె గదరా" అని నన్నే ఎగతాళి చేశారు.

పాటలు సగానికి పైగా ఎక్కించాము. రాత్రి షిఫ్టు వాళ్ళు క్యాసెట్లు ఇంటికి తీసుకుపోయి నేర్చుకుంటున్నారు. ఆయన కట్టిన ఒక పెద్ద పాట మిగిలింది. పెళ్ళికూతురు అత్తవారింటికి పోయేటప్పుడు వాయిస్తారు. అది అయితే నా గుండె నిమ్మళిస్తుంది. ఈ ఉత్తరంతో రెండో క్యాసెట్ పంపుతున్నాను. ఎలా ఉందో చెప్పు.

దయాకర్


తెనాలి,
అక్టోబరు 2004

తమ్ముడు దయాకర్‌కు,

శభాష్! ఇది క్యాసెట్ అంటే. షాపుకొచ్చిన ప్రతివాడినీ కూర్చోబెట్టి వినిపిస్తున్నాను. క్లారినెట్ ముందు నిలబడింది, డ్రమ్ము బుద్ధిగా వెనక్కి వెళ్ళింది. పాటకీ పాటకీ మధ్య ఒక్క గొణుగుడు లేదు. ధూపం పని చేసిందన్నమాట.

అయితే ఈ మైకు అబద్ధం చెప్పదు. అందుకే ఇది రాయక తప్పడం లేదు. మీ నాన్నగారు పై స్వరాలు తప్పించుకుంటున్నారు. పైకి వెళ్ళాల్సిన చోట కిందికి దిగి వాయిస్తున్నారు. తెలియనివాళ్ళకి అదీ సొగసుగానే ఉంటుంది. నాకు మాత్రం గుండె కలుక్కుమంది. రీడు కొత్తదన్నావు. మరి పళ్ళేమైనా కదులుతున్నాయా? క్లారినెట్ వాయించేవాళ్ళకి అది మామూలే. మంచి పళ్ళ డాక్టరుకి చూపించు. ఆలస్యం చెయ్యకు.

ఆ పెద్ద పాట ఎక్కించాక ఆయన్ని తీసుకుని తెనాలి రా. మా ఇంట్లో నాలుగు రోజులుండండి. ఆయనకి కోడిపులుసు పెట్టాలని కనకమహాలక్ష్మి ఉబలాటపడుతోంది.

గిరిప్రసాద్


నాచారం,
నవంబరు 2004

అన్నా,

బాపు పోయిండు.

పెద్ద పాట ఎక్కిస్తున్నాము. మధ్యలో ఆగి కూర్చుండిపోయాడు. ఏమడిగినా తాగినవాడిలా మాట తడబడుతోంది. చిదంబరం కూడా తాగాడనే అనుకున్నాడు. కాళ్ళు చల్లబడ్డాక ఆటోలో వేసుకుని పెద్ద దవాఖానాకు తీసుకుపోయాము. రక్తం తీసి చూశారు. షుగర్ మిషన్‌కు కూడా అందనంత ఉందన్నారు. "ఎన్నేళ్ళ నుంచి ఉంది?" అని డాక్టరమ్మ అడిగింది. లేదమ్మా అన్నాను. "సన్నబడ్డాడా?" అంటే అవునన్నాను. "మాటిమాటికీ దాహం, దాహం అనేవాడా?" అంది. లేదమ్మా, ఒక్కసారి కూడా అనలేదని చెప్పాను. ఆమె నన్ను వింతగా చూసింది.

మూడో రోజు తెల్లవారి పోయాడు. పెద్ద పాట సగమే ఉంది.

దయాకర్


తెనాలి,
డిసెంబరు 2004

తమ్ముడు దయాకర్‌కు,

ఏం రాయాలో తెలియడం లేదు. నీ ఉత్తరం చదివి దుకాణం కట్టేసి ఇంటికి వెళ్ళిపోయాను. ఆయన్ని నేను ఒక్క రాత్రే చూశాను, అయినా ఇంట్లో పెద్ద దిక్కు పోయినట్టుంది. పళ్ళ డాక్టరంటూ రాశానే, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

నువ్వు చేతులారా ఏమీ తక్కువ చెయ్యలేదు. అలాంటి జబ్బు ఉన్నట్టు మనిషి చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? ఆయన పాటలు నిలబెట్టావు. ఆ సగం పాట కూడా ఆయన శిష్యులెవరో పూర్తి చేస్తారు.

నువ్వు పంపిన రెండు క్యాసెట్లూ తిరిగి పంపుతున్నాను. కాపీలు నా దగ్గర ఉంచుకున్నాను. మొదటిదానిలో రికార్డింగ్ బాగా లేకపోయినా ఆయన వేళ్ళ పనితనం అందులోనే ఎక్కువ తెలుస్తుంది. మనసు కుదిరినప్పుడు విను.

గిరిప్రసాద్


నాచారం,
జనవరి 2005

గిరన్నకు,

మొదటి క్యాసెట్ విన్నాను. రికార్డు చేశాక నేను దాన్ని వినడం ఇదే మొదటిసారి.

కల్యాణి పాట అయిపోయింది. నువ్వు రాసినట్టే రేకుల మీద వాన, ఆటో హారను, ఎవరిదో ఆవలింత. ఆ తర్వాత మా బాపు గొంతు. నువ్వు ధూపం అని రాశావు. నేను ధూపం అని చదివాను. ఆయన అన్నది అది కాదన్నా. ఆయన "దూప" అన్నాడు. "దూప, దూప" అన్నాడు. మా దగ్గర దూప అంటే దాహం. నీళ్ళ దాహం. మా మానసకు మాట వచ్చినప్పుడు అమ్మ, బాపు తర్వాత నేర్చిన మాట అదే.

ప్రతి పాటకూ అన్నాడు. చివరి పాటకు వచ్చేసరికి ఆ మాట కూడా సరిగ్గా రాలేదు. నాలుక అంగిలికి అంటుకున్నట్టుంది.

షెడ్డు పక్కన చాయ్ బండి పెట్టుకునే రాములమ్మను అడిగాను. ఏడుస్తూ చెప్పింది. "కుండెడు నీళ్ళు ఒక్కడే తాగుతుండె బిడ్డా. రాత్రంత లేసుడు, బయటికి వోవుడు, మల్ల తాగుడు. దవాఖానకు వో మామా అంటె, ఊకో, నా కొడుక్కు తెలిస్తె క్లారినెట్ గుంజుకొని ఇంట్ల కూసుండవెడ్తడు అనె. నాతోని ఒట్టు వెట్టిచ్చుకున్నడు." రిహార్సల్ రోజు నీళ్ళు తాగేవాడు కాదట. తాగితే మాటిమాటికీ లేచి బయటికి పోవాలి, మా అందరికీ తెలిసిపోతుందని నోరు ఎండబెట్టుకుని వాయించాడు.

మాకు చెప్పలేదు. కానీ నోరు ఆగక తనలో తాను అనుకున్నాడు. అది క్యాసెట్‌లో పడింది. మూడు వందల కిలోమీటర్లు పోయి నీ చెవిలో పడింది. నువ్వు విన్నావు. విని నాకు రాశావు. రాసింది చదివి నేను ఏం చేశాను? మా బాపు నీళ్ళకు ఏడుస్తుంటే నేను పొగ పెట్టాను. ప్రతి ఆదివారం పెట్టాను. దగ్గుతుంటే కూడా పెట్టాను.

ఆ రోజు డాక్టరమ్మతో ఒక్కసారి కూడా అనలేదని చెప్పాను.

నిన్ను తిట్టాలని ఈ కాగితం తీశాను. అర్థం కాకపోతే ఒక్క మాట అడిగితే ఏమయ్యేది? దూప అంటే ఏమిటి తమ్ముడూ అని ఒక కార్డు ముక్క రాస్తే ఏమయ్యేది? మళ్ళీ అనిపిస్తుంది, నేను నీకు మా మాట ఒక్కటైనా రాశానా? నవ్వుతారని అన్నీ వాచకంలోంచి ఏరి ఏరి రాశాను. ఈ మాట రాయాల్సి వచ్చినా దాహం అనే రాసేవాణ్ణి. నీకు ఆ మాట ఎట్లా తెలుస్తుంది?

ఇంక రాయలేను.

దయాకర్


తెనాలి,
మార్చి 2005

తమ్ముడు దయాకర్‌కు,

తమ్ముడూ అని పిలిచే అర్హత ఉందో లేదో తెలియదు. ఇన్నాళ్ళూ కాగితం తియ్యడం, మడిచి పెట్టడం, అదే పని. నీ ఉత్తరం చదివాక మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నిన్న అడిగింది, "ఆ అబ్బాయికి రాశారా?" అని. లేదన్నాను. "పక్కవాళ్ళ మాటలు దిద్దడం వచ్చు గానీ, నాలుగు ముక్కలు రాయడం రాదా?" అంది.

ఆ మాటతో కాపీ తీసి మళ్ళీ విన్నాను. ఆయన దూప అనే అన్నారు. నాకు మొదటిసారి కూడా అలాగే వినిపించింది దయాకర్. చెవిది తప్పు లేదు. కింద ఒత్తు నేను పెట్టాను, చివర సున్నా నేను పెట్టాను. పాపం పల్లెటూరి పెద్దాయన, ధూపం అనడం రాక దూప అంటున్నాడని అనుకున్నాను. అడగాల్సింది పోయి దిద్దాను. ఆ పెళ్ళిలో నేను నవ్వలేదని రాశావు. పైకి నవ్వలేదు, అంతే.

మైకు సంగతి తలుచుకుంటే అన్నం దిగడం లేదు. ఆ టేప్ రికార్డరులోని పాత మైకు ఎంత చెత్తదైనా ఆయన మాట విన్నది. దాన్ని పక్కన పెట్టించి, ముందున్నదే వినే మైకు కొనిపించాను. నోటికి పెట్టకు, వేళ్ళకి పెట్టు అన్నాను. గొణుగుళ్ళు పడకుండా బొత్తాం నొక్కమన్నాను. రెండో క్యాసెట్‌లో ఎంత నిశ్శబ్దంగా ఉందో అని పదిమందికి వినిపించాను. ఆ నిశ్శబ్దంలో ఆయన ఎన్నిసార్లు దూప అన్నారో!

క్షమించమని అడగను. నాకు చేతనైంది ఒక్కటే ఉంది. మొదటి క్యాసెట్ పెట్టి మీ వాళ్ళు నేర్చుకునేటప్పుడు పాట పాటకీ ఆ మాట వినాల్సి వస్తుంది. నువ్వు వినాల్సి వస్తుంది. ఊఁ అంటే, ఆ మాటలున్న చోట్లన్నీ తీసేసి పాటలు మాత్రం కొత్త క్యాసెట్‌లోకి ఎక్కించి పంపుతాను. అతుకు తెలియకుండా చేస్తాను. నీ ఇష్టం.

గిరిప్రసాద్


నాచారం,
ఏప్రిల్ 2005

గిరన్నకు,

నాకు కోపం పోయిందని అబద్ధం రాయను. కొన్ని రోజులు నీ మీద, కొన్ని రోజులు నా మీద, ఒక్కోసారి చెప్పకుండా పోయినందుకు ఆయన మీద కూడా వస్తుంది. అయినా నీకు కాక ఇంకెవరికి రాయను? ఆ గొంతు విన్నవాళ్ళం నువ్వూ నేనే.

షెడ్డు మళ్ళీ తెరిచాము. చిదంబరం ఆయన పాటలన్నీ ట్రంపెట్ మీదకు తెచ్చుకున్నాడు. నువ్వు చెప్పిన మైకు మంచిది. అది లేకపోతే ఆ పాటలు మిగిలేవి కావు. సగం పాటను సగమే వాయిస్తున్నాము. మిగతాది ఏదని పెళ్ళివాళ్ళు ఎవరూ అడగలేదు.

మొదటి క్యాసెట్ నేను షెడ్డుకు ఇవ్వలేదు. ఇంట్లో పెట్టుకున్నాను. అందులోంచి ఏమీ తీయొద్దన్నా. నీ దగ్గరున్న కాపీలోంచి కూడా తీయొద్దు. క్లారినెట్ ఎంత విన్నా అది క్లారినెట్టే. మా బాపు గొంతు ఇంకెక్కడా లేదు. ఆయన మాట్లాడినదాంట్లో మా దగ్గర మిగిలింది ఆ ఒక్క మాటే.

మొన్న ఆదివారం మధ్యాహ్నం ఆ క్యాసెట్ పెట్టుకుని కూర్చున్నాను. నా భార్య పుట్టింటికి పోయింది, మానస వంటింట్లో ఆడుకుంటోంది. పాట అయింది. బాపు "దూప" అన్నాడు. మానస లేచి గుమ్మం దాకా వచ్చి నన్ను కోపంగా చూసింది. "బాపూ, తాతకు దూపైతుందట. నీళ్ళియ్యవా?" అంది. నేను లేవలేదు. లేవాలని కూడా తోచలేదు. అదే పోయి, కుండలో స్టీలు గ్లాసు ముంచి, రెండు చేతులతో పట్టుకుని, దారి పొడుగునా ఒలకబోసుకుంటూ వచ్చింది. టేప్ రికార్డరు ముందు నిలబడి, "తాతా, ఇగో నీళ్ళు" అంది.

అప్పటికి తర్వాతి పాట మొదలైంది. వాయించేటప్పుడు తాతను కదిలించకూడదని దానికి తెలుసు. గ్లాసు పట్టుకుని పాట అయ్యేదాకా అక్కడే నిలబడింది. చేతులు నొప్పి పుడుతున్నాయేమో, గ్లాసు వణుకుతోంది. పాట ఆగింది. బాపు మళ్ళీ "దూప" అన్నాడు. మానస గ్లాసును టేప్ రికార్డరుకు ఇంకా దగ్గరగా పెట్టింది.

నేను వెళ్ళి గ్లాసు అందుకున్నాను. అది చూడకుండా అటు తిరిగి మొత్తం తాగేశాను. ఖాళీ గ్లాసు చేతికిస్తే అందులోకి తొంగి చూసి, "తాత తాగిండా?" అని అడిగింది.

తాగిండు బిడ్డా అన్నాను.

దయాకర్